శీలావతి ముల్లు

మొన్నటి వేసవిలో మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పేముందు, నా తోడికోడలు కుసుమ అంటే నాకెంత కుళ్ళో చెప్పేస్తే ఓ పనైపోతుంది. ఆ తర్వాత నన్ను ఏమైనా అనుకోండి.

కుసుమ మా అత్తగారు మాణిక్యంగారికి స్వయానా మేనకోడలు. అన్నగారి కూతుర్ని తెచ్చి చిన్నకొడుకు సాయితేజకి చేసుకున్నారు. నేను బయటినుంచి వచ్చినదాన్ని, తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టు వెనక వీధినుంచి. పన్నెండేళ్ళుగా నేను ఆవిణ్ణి “అత్తయ్యగారూ, మీరు” అంటున్నాను. అది వచ్చిన రోజునుంచే “అత్తా, నువ్వు” అంటోంది. మా ఊరు కైకలూరు దగ్గర, చుట్టూ చేపల చెరువులే. మా ఆయన హరిప్రసాద్, సాయితేజ పొద్దున లేస్తే చెరువుగట్ల మీదే ఉంటారు కాబట్టి ఇంట్లో మిగిలేది మేం ముగ్గురం ఆడవాళ్ళం. ముగ్గురిలో ఇద్దరు ఒక ఇంటివాళ్ళు, నేనొక్కదాన్నీ పరాయిదాన్ని.

నాకు టైఫాయిడ్ వచ్చిన ఏడాది మంచం దగ్గరికి వేళకి చారన్నం గిన్నె వచ్చేది. గిన్నె పెట్టిన మనిషి ఆగేది కాదు. కుసుమకి జబ్బు చేసినప్పుడు మాత్రం అత్తయ్యగారు పక్కనే కూచుని, శీలావతి చేప ముక్కని వేళ్ళతో విప్పి, ముళ్ళన్నీ ఏరి, పులుసుతో ముద్ద కలిపి నోటికందించేవారు. శీలావతి తిన్నవాళ్ళకి తెలుసు, దాని కండలో రెండు పాయలుగా చీలిన సన్నటి ముళ్ళు ఎన్ని దాక్కుని ఉంటాయో. ఇరవయ్యేడేళ్ళ మనిషికి ముళ్ళు తీసి పెట్టడం! నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూసేదాన్ని, కడుపు మండిపోయేది.

కుసుమది మనసు జబ్బు. రెండేళ్ళపాటు గది దాటి రాలేదు. గోడలు తన గురించి మాట్లాడుకుంటున్నాయనేది. రెండు రకాల మందులు మార్చినా గుణం కనిపించలేదు. మార్చి మొదట్లో ఏలూరులో ఒక డాక్టరుగారు క్లోజపిన్ అనే మాత్ర మొదలుపెట్టారు. అత్తయ్యగారికి బస్సు పడదు, ఎక్కితే వాంతులు. మగవాళ్ళకి చెరువులు. డిగ్రీ చదివానన్న పాపానికి కుసుమని ఏలూరు తిప్పే పని నాకు పడింది.

మొదటిరోజు డాక్టరుగారు నన్ను ఎదురుగా కూచోబెట్టుకుని చెప్పారు. పక్క కుర్చీలో కుసుమ తల వాల్చుకుని కళ్ళు మూసుకుని ఉంది.

“మిగతా మందులు పనిచెయ్యనివాళ్ళకి ఇది బాగా పనిచేస్తుందమ్మా. కానీ కొద్దిమందిలో రక్తంలోని తెల్లకణాల్ని పడగొట్టేస్తుంది. ఒంట్లోకి వచ్చే ఇన్‌ఫెక్షన్‌ని అడ్డుకునేవి అవే. అవి పడిపోతే చిన్న జలుబైనా ప్రాణం మీదికొస్తుంది. అందుకని పద్ధెనిమిది వారాలు, వారం వారం రక్తపరీక్ష. రిపోర్టు బాగుంటేనే మళ్ళీ వారానికి మాత్రలిస్తాను.”

“అలాగేనండీ,” అన్నాను.

“ఇంకోటి. మధ్యలో జ్వరంగానీ గొంతు నొప్పిగానీ నోట్లో పుళ్ళుగానీ వస్తే పరీక్షరోజు దాకా ఆగకండి. మాత్ర ఆపేసి అదేరోజు తీసుకొచ్చెయ్యండి. ఇంట్లో అందరికీ చెప్పండి.”

అదే ముక్క రాసిన పసుపు కార్డొకటి ఇచ్చారు. నేను దాన్ని హ్యాండుబ్యాగులో పెట్టుకున్నాను. ఇంటికొచ్చాక “వారం వారం రక్తం తియ్యాలిటండి” అని మాత్రం చెప్పాను. మిగతాది చెప్పలేదు. మరిచిపోయి కాదు. ఆ ఇంట్లో అత్తయ్యగారికి తెలియకుండా నాకొక్కదానికే తెలిసిన సంగతి అదొక్కటే ఉంది. అడిగితే చెబుదామనుకున్నాను. నన్నెవరూ అడగలేదు.

మంగళవారం రక్తం తీయించడం మంచిది కాదని అత్తయ్యగారు పట్టుబట్టి పరీక్షని బుధవారానికి మార్పించారు. ప్రతి బుధవారం పొద్దున్నే కొల్లేరు మీదుగా ఏలూరు బస్సు. అత్తయ్యగారు కుసుమకి ఇడ్లీలు విడిగా కట్టి, నీళ్ళు విడిగా పోసి, చున్నీ సర్ది గేటుదాకా వచ్చి సాగనంపేవారు. “దాన్ని కిటికీ పక్కన కూచోబెట్టవే,” అని మాత్రం నాతో అనేవారు. మాత్ర మత్తుకి కుసుమ నా భుజం మీద పడి నిద్రపోయేది. నోటినుంచి సొంగ కారి నా జాకెట్టు తడిసిపోయేది. ఒకసారి కండక్టరు “మీ చెల్లెలాండీ?” అని అడిగితే “కాదండి, మా అత్తగారి మేనకోడలు,” అన్నాను.

నాలుగో వారానికి మత్తు తగ్గింది. ఆరో వారం బస్సు ఆటపాక దాటాక కుసుమ కిటికీలోంచి గూడకొంగల్ని చూస్తూ ఉండి ఉండి, “అక్కా, ఇవాళ ఎంత నిశ్శబ్దంగా ఉందో,” అంది.

“నిశ్శబ్దమేంటే? బస్సు ఇంత రొద చేస్తుంటే!”

“బస్సు కాదక్కా. తలలో.”

నేను దాని మొహం కేసి చూశాను. రెండేళ్ళలో మొదటిసారి అది నా మొహాన్ని నిదానంగా చూస్తోంది. ఆ నిమిషం నాకు నిజంగా సంతోషం వేసింది. అది కూడా చెప్పాలి కదా.

సంతోషం ఇంటికొచ్చేదాకా కూడా నిలవలేదు. అది తేరుకునేకొద్దీ ఇంట్లో రోజూ పండగే. కుసుమ జడ వేసుకుందట. కుసుమ మొక్కలకి నీళ్ళు పోసిందట. ఒకరోజు అందరికీ కాఫీ పెట్టింది. మా ఆయన ఓ గుక్క తాగి, “అబ్బ, ఎంత బాగుందమ్మా,” అన్నారు. పన్నెండేళ్ళుగా నేను పెడుతున్న కాఫీకి ఆ మనిషి నోట ఒక్క మాట రాలేదు. సాయితేజ మళ్ళీ ఇంటికి పెందలాడే రావడం మొదలుపెట్టాడు. అత్తయ్యగారైతే పదేళ్ళు వెనక్కి వెళ్ళినట్టు తిరుగుతున్నారు. దాన్ని వారం వారం మోసుకెళ్ళి తీసుకొస్తున్నదాన్ని నేను. ఆ ముక్క ఒక్కరికీ తోచలేదు.

తొమ్మిదో వారం, మే నెల నడుమ, రిపోర్టు చూసి డాక్టరుగారు ఒక అంకె కింద పెన్నుతో గీత గీశారు. “కిందటి వారం కన్నా కణాలు తగ్గాయి. ఇంకా హద్దులోనే ఉన్నాయిలెండి. నేను చెప్పింది గుర్తుందిగా?”

“గుర్తుందండీ,” అన్నాను.

ఆ శనివారం మా పెద్దచెరువులో చేపల పట్టుబడి. తెల్లారకముందే వలలు దిగాయి. లారీ గట్టుమీద నిలబడింది, ఐసు వచ్చింది. పాతికమంది వలవాళ్ళకి వంట మా ఇంట్లోనే. అత్తయ్యగారు పొయ్యి దగ్గరినుంచి కదిలే వీల్లేక నన్ను కేకేశారు.

“దుర్గా, కుసుమకి నువ్వు పెట్టెయ్. ముళ్ళు సరిగ్గా చూడు. నీ కంగారులో వదిలేస్తావు.”

పెట్టకముందే మాట. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటతోనే కూచుని, ముక్క ముక్కా విప్పి, ఒక్కో పొరా వేళ్ళ మధ్య నలిపి చూసి, ముళ్ళన్నీ పళ్ళెం అంచున వరసగా పేర్చాను. మళ్ళీ ఒకసారి తడిమి చూశాను. ఇంకెవరికైనా అంత జాగ్రత్తగా పెట్టి ఎరగను. ప్రేమతో కాదు, ఇంకో మాట పడకూడదని. కుసుమ సగమే తిని చాలంది.

సాయంత్రం అంట్ల దగ్గర ఉంటే వెనకగా వచ్చి నిలబడింది.

“అక్కా, గొంతు నొప్పిగా ఉంది. మింగుతుంటే గుచ్చుకుంటోంది.”

నేను తలెత్తేలోపే అత్తయ్యగారు వినేశారు. “ముల్లు! ముల్లు దిగింది! చెప్పానా నేను?” అని గుండెలు బాదుకుంటూ వచ్చారు. అన్నంముద్ద మింగించారు. అరటిపండు మింగించారు. కుసుమ కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. అయినా మింగింది.

పసుపు కార్డు నాకు అప్పుడే గుర్తొచ్చింది. ఆ క్షణంలోనే. ఇందులో అబద్ధం చెప్పను. నోరు తెరిచి ‘ఇది ముల్లు కాదండి, ఏలూరు తీసుకెళ్ళాలి’ అంటే సరిపోయేది. కానీ అంటే ఏమవుతుంది? అందరూ కుసుమని ఎత్తుకుని పరిగెడతారు. నా మీద వేసిన నింద అలాగే ఉండిపోతుంది. ముందు ఆవిడ ఒప్పుకోవాలి. ‘ముల్లు లేదు, దుర్గ సరిగ్గానే తీసింది’ అని ఆవిడ నోటితో అనాలి. ఆ ఒక్క మాట కావాలి నాకు. బుధవారం ఎంతో దూరం లేదు కదా, ఎలాగూ పరీక్ష ఉంది కదా అని నన్ను నేను సముదాయించుకున్నాను.

ఆదివారం పొద్దున్న తాతాజీని పిలిపించారు. వలల పనిలో ముసలివాడైపోయిన మనిషి. మా వైపు చుట్టుపక్కల ఎవరి గొంతులో ముల్లు దిగినా మంత్రం వేసి దించేది అతనే. నీళ్ళగ్లాసు మీద ఏదో గొణిగి, కుసుమ గొంతుని పైనుంచి కిందికి మూడుసార్లు నిమిరి, ఆ నీళ్ళు తాగించాడు.

“దిగిపోయిందండీ. గీరుకుపోయిన చోట రెండ్రోజులు మంటగా ఉంటదండి. కంగారుపడకండి,” అన్నాడు.

అలా ఇంకో రెండు రోజులకి సాకు దొరికింది. అతను వెళ్ళగానే అత్తయ్యగారు నా మీద పడ్డారు.

“పాతికమందికి వండేదానివి, ఒక్క ముక్కలో ముల్లు చూసుకోలేవూ? అదే నీ తోడబుట్టిందైతే ఇలాగే చేద్దువా?”

“ముల్లు లేదండి. అన్నీ నేనే తీశాను.”

“మరి తాతాజీ దించింది దేన్ని?”

దానికి నా దగ్గర జవాబుంది. హ్యాండుబ్యాగులో ఉంది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయి, చేతికి దొరికిన గిన్నెల్ని చప్పుడయ్యేలా సర్దాను.

సోమవారం పొద్దున్నే, మా అమ్మకి మోకాలు నొప్పిగా ఉందని చెప్పి బయల్దేరాను. హాల్లో మడతమంచం మీద కుసుమ పడుకుని ఉంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

“వెళ్తున్నావా అక్కా?”

“అమ్మకి బాగోలేదు. బుధవారానికి వచ్చేస్తాలే.”

అది ఇంకేదో అంటుందని చూశాను. నా వైపే చూస్తూ ఉండిపోయింది. నేను చెప్పులేసుకుని వచ్చేశాను.

ఆకివీడు, భీమవరం మీదుగా గూడెం చేరేసరికి పదకొండు దాటింది. మా అమ్మ మోకాళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. నన్ను చూసి సంగతి కనిపెట్టేసి, ఏమీ అడక్కుండా అన్నం పెట్టింది. నేను తింటూ మొత్తం చెప్పాను. బాగా రసవత్తరంగానే చెప్పాను. అత్తయ్యగారు గుండెలు బాదుకోవడం, తాతాజీ గొణుగుడు చేసి చూపించాను. అమ్మ నవ్వింది. పక్కింటి విజయదుర్గ పిన్ని కూడా వచ్చి కూచుని నవ్వింది.

“అయితే ముల్లు లేదంటావు,” అంది అమ్మ, మజ్జిగ పోస్తూ.

“లేదే అమ్మా. ఒట్టు. నేను రెండుసార్లు చూశాను.”

“మరి ఆ పిల్లకి గొంతెందుకు నొప్పి పుట్టిందే?”

మజ్జిగ పోసిన అన్నం అలాగే ఉంది. చెయ్యి కడుక్కుని మా ఆయనకి ఫోను చేశాను.

“పొద్దుటినుంచీ ఒళ్ళు కాలిపోతోంది దుర్గా,” అన్నారు ఆయన. “ఎండదెబ్బంటోంది అమ్మ. మజ్జిగ తాగిస్తోంది. ఆరెంపీ వచ్చి ఇంజెక్షన్ చేసి వెళ్ళాడు. నూటమూడు ఉందట.”

“ఏవండీ, కారు తీయించండి. ఇప్పుడే ఏలూరు తీసుకొచ్చెయ్యండి. ఆ మాత్ర వెయ్యొద్దు. నేను రైలెక్కి అక్కడికే వస్తున్నాను.”

“గొంతులో ముల్లుకి ఏలూరెందుకు?”

“ముల్లు లేదండీ!” అని అరిచాను. విజయదుర్గ పిన్ని లేచి నిలబడింది.

నేను ఏలూరు ఆసుపత్రికి వెళ్ళేసరికి రక్తం తీసేశారు. గంటకి రిపోర్టొచ్చింది. మామూలు మనిషికి రెండువేలు దాటి ఉండాల్సిన, ఇన్‌ఫెక్షన్‌ని ముందుగా అడ్డుకునే రకం తెల్లకణాలు దానికి నూటనలభై ఉన్నాయి. కుసుమని విడిగా ఒక గదిలో పెట్టారు. చేతులు కడుక్కుని, మాస్కు వేసుకుని, ఒక్కరే లోపల ఉండాలన్నారు. అత్తయ్యగారికి కారులో కూడా వాంతులై నిలబడలేకుండా ఉన్నారు. సాయితేజ గోడకి ఆనుకుని ఏడుస్తున్నాడు. వరండాలో డాక్టరుగారు మా దగ్గరికి వచ్చారు.

“గొంతు నొప్పి ఎప్పుడు మొదలైంది?”

“శనివారం సాయంత్రమండి,” అన్నారు మా ఆయన. “ముల్లనుకున్నామండి.”

డాక్టరుగారు నా వైపు తిరిగారు. “నేను మీకు చెప్పాను కదమ్మా? కార్డు కూడా ఇచ్చాను.”

ఏం చెబుదునో తెలియదు. కానీ నేను నోరు తెరిచేలోపే అత్తయ్యగారు బెంచీ మీదినుంచి లేచారు.

“దాన్ని అనకండీ. జ్వరం వచ్చేసరికి అది ఊళ్ళో లేదండి, పుట్టింటికి వెళ్ళింది. తెలియగానే అదే ఫోను చేసి తీసుకురమ్మంది. అది దగ్గరుంటే ఇంతదాకా రానిచ్చేది కాదండి. ముల్లు ముల్లని పీకల మీదికి తెచ్చింది నేను.”

పన్నెండేళ్ళలో ఆవిడ నా పక్షాన మాట్లాడటం అదే మొదటిసారి. చేత్తో నా వీపు కూడా నిమిరారు. గదిలోకి వెళ్ళి మాస్కు కట్టుకున్నాను.

ఆరు రోజులు. పొట్టలో ఇంజెక్షన్లు, సెలైన్లో యాంటిబయాటిక్కులు. నోటినిండా పుళ్ళు, నీళ్ళు మింగినా కుసుమ ఒళ్ళంతా వణికేది. రెండోరోజు దానికి బీపీ పడిపోయి, నర్సు పరిగెత్తినప్పుడు, దేవుడికి ఏం మొక్కుకోవాలో కూడా నాకు తోచలేదు. ‘ఇది బతికితే అత్తయ్యగారి ప్రేమంతా దానికే ఇచ్చేస్తాను’ అనుకున్నాను, అది నా సొమ్మైనట్టు. తలుపు అద్దంలోంచి అత్తయ్యగారు చూస్తూ ఉండేవారు. ఆ చూపు కుసుమ మీంచి కదిలి అప్పుడప్పుడు నా మీద కూడా ఆగేది. అదీ నా కంటబడింది. అక్కడ కూడా అది చూసుకున్నాను నేను.

ఐదోరోజుకి కణాలు ఎనిమిదివందలయ్యాయి. ఆరోరోజు పన్నెండువందలు. మనిషి బతికింది. కానీ క్లోజపిన్ ఇక జన్మలో ఇవ్వకూడదన్నారు డాక్టరుగారు. “మళ్ళీ ఇస్తే మళ్ళీ పడిపోతాయి. ఈసారి మనకి టైము ఉండకపోవచ్చు. వేరేవి ప్రయత్నిద్దాం. అంత బాగా పనిచేస్తాయని చెప్పలేను.”

“గొంతు నొప్పన్న రోజే వచ్చుంటేనండీ?” అని అడిగాను, మిగతావాళ్ళు లేకుండా చూసి.

“ఈ మందు ఎలాగూ ఆపేవాళ్ళం. ఈ ఆరు రోజులు ఇలా ఉండేది కాదు. చావు అంచుదాకా వెళ్ళేది కాదు.”

ఇంటికొచ్చి పదిరోజులైంది. చెరువులు మళ్ళీ నింపుతున్నారు. కుసుమ మంచం మీదే ఎక్కువసేపు ఉంటోంది. మధ్యమధ్య తల ఒకపక్కకి వంచి ఏదో వింటోంది. సాయితేజ అది చూసి బయటికి వెళ్ళిపోతున్నాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ అత్తయ్యగారు నా గురించి చెబుతున్నారు. నా కాఫీ గురించి కూడా చెబుతున్నారు. పుట్టింట్లో అన్నం ముందునుంచి లేచి ఫోను చేసిందట, డాక్టరు కన్నా ముందు కనిపెట్టిందట. నాకు కావలసినదంతా గిన్నెలు గిన్నెలుగా వచ్చి పడుతోంది, అదీ ఆవిడ చేతులమీదుగా.

ఒకరోజు మధ్యాహ్నం వరండాలో భాగ్యలక్ష్మిగారు, అంటే మా వీధి చివరింటావిడ, వచ్చి కూచున్నారు. నేను లోపల కుసుమకి జావ తాగిస్తున్నాను. బయటినుంచి అత్తయ్యగారి గొంతు వినిపిస్తోంది. కుసుమ కాసేపు విని, గ్లాసు పక్కకి జరిపింది.

“అక్కా, నేను ఆ రోజు నిద్రపోలేదు.”

“ఏ రోజు?”

“మొదటిరోజు, డాక్టరుగారి గదిలో. కళ్ళు మూసుకున్నానంతే. జ్వరం, గొంతు నొప్పి, నోట్లో పుళ్ళు. అన్నీ విన్నాను.”

నేను చెంచా గ్లాసులో పెట్టేశాను.

“మరి… చెప్పలేదేంటే?”

“నేను చెబితే ఎవరు నమ్ముతారక్కా? రెండేళ్ళు గోడలు మాట్లాడుతున్నాయని చెప్పినదాన్ని. ముల్లు కాదంటే మళ్ళీ మొదలైందనుకుంటారు.” దాని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండును. “నీ దగ్గరికి వచ్చి చెప్పాను కదా. నువ్వంటే నమ్ముతారు. నువ్వు చెబుతావని శనివారం చూశాను, ఆదివారం చూశాను. నువ్వు బ్యాగు పట్టుకుని గుమ్మం దిగుతుంటే కూడా చూశాను.”

నేను లేచాను. వరండాలోకి వెళ్ళి అత్తయ్యగారి ముందు నిలబడ్డాను.

“అత్తయ్యగారూ, నేను గూడెం వెళ్ళకముందే నాకు తెలుసండి. అది ముల్లు కాదని శనివారం సాయంత్రమే తెలుసు. డాక్టరుగారు ముందే చెప్పారు. మీతో అనిపించుకున్నానన్న కోపంతో చెప్పలేదు. దాని మీద కుళ్ళుతో చెప్పలేదు.”

భాగ్యలక్ష్మిగారు అత్తయ్యగారి కేసి చూశారు. అత్తయ్యగారు లేచి, అరచేతి వెనకభాగం నా నుదుటి మీద ఆనించి చూశారు. తర్వాత నన్ను తన పక్కన కూచోబెట్టుకుని, నా తల భుజానికి చేర్చుకున్నారు.

“ఆసుపత్రిలో ఆరు రోజులు రెప్ప వెయ్యలేదండీ ఇది,” అన్నారు ఆవిడతో. “నిద్ర లేక ఏదేదో మాట్లాడుతోంది.”